తాడు మీద కోటు

నన్ను ఆ మిలటరీ పోస్టు దగ్గర దించేసరికి మధ్యాహ్నం రెండైంది. ఎండ బాగానే కాస్తోంది. చలికి మాత్రం పళ్ళు టకటకమంటున్నాయి. లద్దాఖ్‌లో ఒక లోయ. సెప్టెంబరు చివరి వారం. చెట్టు లేదు, గడ్డి లేదు. రాయి, ఇసుక, పైన మంచు. నేను జగ్గయ్యపేటలో బస్సెక్కిన రోజు మా వైపు పత్తి చేలు పూత మీద ఉన్నాయి. ఇక్కడ పచ్చరంగు మా లారీల మీద తప్ప ఇంకెక్కడా కనపడలేదు.

నేను డ్రైవర్ మెకానిక్‌ని. నన్ను రికవరీ బండి మీద వేశారు. దిగబడిపోయిన బండిని లాగి బయటపడేసే లారీ అది. ముందు భాగంలో వించ్ ఉంటుంది. తెలియని వాళ్ళకి చెప్తున్నాను: బావి గిలక లాంటి డ్రమ్ము, దాని చుట్టూ స్టీలు తాడు, తిప్పడానికి ఒక మోటారు. అంతే. ఆ బండికి ఇన్‌ఛార్జి ఒక హవల్దారు. ఉత్తరాది కుమావూ కొండల మనిషి. పొట్టి, నలభై దాటినవాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. నా చేతుల వంక చూసి, ట్రాక్టరు తోలేవాడివా అని అడిగాడు. అవునన్నాను. ఏ ఊరన్నాడు. చెప్పాను. ఆ పేరు ఆయన నోటికి పలకలేదు. ఆ పూట నుంచి నా పేరు ఆంధ్రా.

మా వించ్ అప్పటికే కాలిపోయి ఉంది. కింద డిపోలో రెండున్నాయి, ఏది కావాలో మీరే చెప్పండి అన్నారు మా పోస్టు మేజరు సాబ్. ఒకటి హైడ్రాలిక్. ఇంజిను నడుస్తున్నంతసేపూ అలుపు లేకుండా లాగుతుంది. రెండోది ఎలక్ట్రిక్. బ్యాటరీ మీద నడుస్తుంది, ఎక్కువసేపు లాగితే మోటారు వేడెక్కుతుంది. నేను హైడ్రాలిక్ అన్నాను. ఈ చలిలో బ్యాటరీని ఎవడు నమ్ముతాడని గట్టిగానే వాదించాను. కొత్తగా వచ్చినవాడికి ఉండే పొగరు నాకూ ఉండేది. ఉస్తాద్ అంతా విని ఒకటే అడిగాడు.

"మన బండే వాగులో పడి ఇంజిను చచ్చిపోయిందనుకో. అప్పుడు మనల్ని ఎవరు లాగుతారు, ఆంధ్రా?"

ఎలక్ట్రిక్కే తెచ్చాం. లోడుతో కలిపి బండి బరువెంతో, దానికి ఒకటిన్నర రెట్లు లాగగలిగేది చూసి మరీ తెచ్చాం. తాడు కూడా స్టీలుదే ఎంచుకున్నాం. నైలాన్ రకం తాడు తేలిక, తెగినా అంత దెబ్బ కొట్టదు. కానీ అక్కడి రాళ్ళకి దాన్ని తగలనిస్తే పోగులు పోగులైపోతుంది. తడిసి గడ్డకడితే కర్రలా బిగుసుకుంటుంది.

బిగించడానికి రెండు రోజులు పట్టింది. బంపరుని నమ్ముకోకుండా ఛాసిస్‌కే ప్లేటు వేసి బోల్టులు బిగించాం. లావుపాటి కరెంటు తీగలు తీసుకుని నేరుగా బ్యాటరీకే కలిపాం. ఇక తాడు. కొత్త తాడుని ఊరికే చుట్టకూడదన్నాడు ఉస్తాద్. డ్రమ్ము మీద కాసిన్ని చుట్లు ఉంచి మిగతాదంతా విప్పించాడు. కొక్కేన్ని ఎత్తు మీదున్న బండరాయికి తగిలించి, మా బండిని మేమే పైకి లాక్కున్నాం. అలా బరువు మీద చుట్టుకుంటే చుట్టు పక్కన చుట్టు బిగువుగా కూర్చుంటుంది. వదులుగా చుడితే పై చుట్టు కింది చుట్లలోకి దూరిపోయి, అసలు పనివేళ ఇరుక్కుంటుంది.

అక్కడ నేను మా ఊరి పని ఒకటి చేశాను. మా వైపు మునేరు ఇసుకలోనో నల్లరేగడిలోనో ట్రాక్టరు దిగబడితే ఇంకో ట్రాక్టరుతో లాగుతాం కదా. అప్పుడు లాగే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. అందుకని ఉన్నవాళ్ళంతా ఎగిరి దాని బానెట్టు మీద కూర్చుంటారు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను కూర్చున్నదే. తాడు బిగుసుకోగానే నా ప్రమేయం లేకుండా నా కాళ్ళు బంపరెక్కేశాయి. తాడుకి సరిగ్గా ఎదురుగా, పెళ్ళికొడుకులా దర్జాగా కూర్చున్నాను. ఉస్తాద్ వించ్ నడిపే రిమోట్ మీది నుంచి వేలు తీసేశాడు. గొంతు పెంచలేదు.

"దిగు. అది తెగితే ముందు నిన్నే కోస్తుంది. నీ భార్యకి నేను ఉత్తరం రాయలేను. నాకు తెలుగు రాదు."

దిగాను. ఆయన తన మందపాటి కోటు విప్పి, తాడు మధ్యలో వేశాడు. తాడు తెగినా కోటు బరువుకి కింద పడుతుంది, ఎగిరి మనిషి మీదికి రాదు. గోనెసంచి వేయొచ్చు, కంబళి వేయొచ్చు. ఆయన మాత్రం ఎప్పుడూ తన కోటే వేసేవాడు. ఎందుకండీ చలికి చస్తారు అంటే, సంచి అయితే ఏదో ఒక రోజు మర్చిపోతాను, కోటయితే చలే గుర్తుచేస్తుంది అనేవాడు.

సాయంత్రమయ్యేసరికి బ్యాటరీలు విప్పి బంకర్‌లోకి మోసేవాళ్ళం. లోపల బుఖారీ అని ఒక కిరోసిన్ పొయ్యి. దానికి కాస్త ఎడంగా, కంబళి చుట్టి పడుకోబెట్టేవాళ్ళం. చంటిపిల్లల్ని చూసినట్టు చూసేవాళ్ళం. ఇంటి నుంచి తెచ్చుకున్న పండుమిర్చి పచ్చడి సీసాలో నూనె గడ్డకట్టింది. ఉస్తాద్ ఆ సీసాని కూడా బ్యాటరీల పక్కనే పెట్టాడు. కరిగాక రొట్టెలో నంజుకుని, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, ఇంకొంచెం వెయ్యమన్నాడు.

పచ్చడి పెట్టింది సుజాత, నా భార్య. వేసవిలో పెళ్ళయితే, వానాకాలం దాటకుండానే నన్ను ఇక్కడికి వేశారు. నందిగామ బస్టాండు దగ్గర తనకి టైలరింగ్ షాపుంది. వారానికోసారి శాటిలైట్ ఫోను దగ్గర లైనులో నిలబడితే కాసేపు మాట్లాడనిచ్చేవారు. అందులో సగంసేపు నేను మాట్లాడేవాణ్ణే కాదు. ఫోను గుమ్మం బయటికి పట్టమనేవాణ్ణి. హైవే మీద హారన్లు, "విజయవాడ, విజయవాడ" అని కండక్టర్ల కేకలు, కంచికచర్ల దిగేవాళ్ళు వెనక బస్సెక్కండని తిట్లు. కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. ఇంటికి పోవాలని తెగ ఉండేది. మగాడు ఇలా చెప్పకూడదంటారు. ఉన్నమాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

సెలవు మంజూరైంది. మంచు ఎక్కువైతే కొండదారి మూసేస్తారు, మళ్ళీ ఎండలు వచ్చాకే తెరుస్తారు. దారి మూసే లోపు దిగే ఆఖరి కాన్వాయ్‌లో నేను వెళ్ళాలి. ఉస్తాద్‌కీ అందులోనే సెలవు. ఇంతలో మేజరు సాబ్ ఇద్దర్నీ పిలిచారు. వించ్ తెలిసినవాడు ఒకడు చలికాలమంతా ఇక్కడ ఉండి తీరాలి, ఎవరన్నది మీరే తేల్చుకోండి అన్నారు.

మర్నాటి నుంచి ఉస్తాద్ నా తాట తీయడం మొదలుపెట్టాడు. తాడు మధ్యలో కప్పీ వేసి లాగే బలం రెట్టింపు చేయడం, కట్టడానికి రాయి దొరకనిచోట స్పేరు టైరు పాతి దానికి కట్టడం, మోటారు మీద చెయ్యి పెట్టి వేడి చూడడం. అన్నీ నన్నొక్కణ్ణే చేయమనేవాడు. తను దూరంగా కూర్చుని బీడీ కాల్చేవాడు. నాకు అర్థమైపోయింది. నన్ను ఇక్కడ వదిలేసి వెళ్ళడానికి తయారు చేస్తున్నాడు. ఒళ్ళు మండింది. రెండు చలికాలాలుగా ఆయన ఇంటి మొహం చూడలేదని తెలిసి కూడా మండింది.

ఆ వారం ఫోనులో సుజాతకి సంగతి చెప్పాను.

"ఆయన ఇంటికెళ్ళి ఎన్నాళ్ళయిందండీ?" అంది.

చెప్పాను.

"అయితే ఆయన్నే పంపండి. నేనెక్కడికి పోతా, ఇక్కడే ఉంటా."

ఆ తర్వాత నేను అడక్కుండానే ఫోను గుమ్మం బయటికి పట్టింది. వెనక నిలబడ్డ జవాను నా భుజం తట్టాడు, టైమైపోయిందని.

నేరుగా ఉస్తాద్ దగ్గరికెళ్ళి, మీరు వెళ్ళండి, నేనుంటాను అన్నాను. ఆయన తాడుకి గ్రీజు పూస్తున్నాడు. తలెత్తకుండా, చూద్దాంలే అన్నాడు. అయిపోయిందనుకున్నాను. సర్దుకున్న పెట్టె విప్పి బట్టలు మళ్ళీ మేకులకి తగిలించాను.

కాన్వాయ్ రోజు ఆకాశం బూడిదరంగులో ఉంది. రెండు లారీలు, సెలవు మీద వెళ్ళే జవాన్లు. పోస్టు దాటగానే ఒక వాగు. అందులోకి దిగే వాలంతా గడ్డకట్టి ఉంది. బ్రేకు వేస్తే బండి జారి బోర్లాపడుతుంది. అందుకని మా రికవరీ బండిని పైన నిలబెట్టి, దిగే లారీ వెనక కొక్కెం తగిలించి, వించ్‌తో పట్టుకుని కొంచెం కొంచెంగా వదలాలి. నేను వించ్ దగ్గర ఉండాలి, ఉస్తాద్ లారీ ఎక్కాలి. అదీ ఏర్పాటు. తీరా మొదలుపెట్టే వేళకి ఆయన నా చేతిలోంచి రిమోట్ తీసుకున్నాడు. వాలు ఇవాళ బాగాలేదు, రెండు బండ్లూ నేనే దించుతాను, నువ్వు మొదటిదాంతో దిగి కింద నిలబడి చెయ్యి చూపించు, అంతా దిగాక నువ్వు పైకి రా, నేను కిందికి నడుస్తా అన్నాడు. సరేనన్నాను.

కోటు విప్పి తాడు మీద వేశాడు. స్వెట్టరుతో నిలబడ్డాడు. మొదటి లారీ దిగింది. నేను కొక్కెం తీశాను. లారీ వాగు దాటి, అవతల ఇంజిను ఆపకుండా నిలబడింది. తాడు పైకి వెళ్ళిపోయింది. రెండో లారీ వాలు మీదికి వచ్చింది. నేను చెయ్యి చూపిస్తున్నాను, ఇటు, ఇంకాస్త ఇటు. అప్పుడు నా నడుముకున్న వైర్‌లెస్ సెట్టు గరగరమంది.

"ఆంధ్రా, వెళ్ళి మొదటి బండెక్కు. నీ పెట్టె సర్ది డ్రైవరు సీటు వెనకాల పెట్టా. ఈ బండి కొక్కెం వాళ్ళే తీసుకుంటారు. ఓవర్."

మాటంటే మాటే, మీరే వెళ్ళాలి అన్నాను. వెళ్తానన్నారు కదా అన్నాను. ఏమేమో అన్నాను, సగం తెలుగులోనే. సెట్టు మళ్ళీ గరగరమంది.

"చూద్దామన్నా. చూశా. తాడు మీద ఇప్పుడు పదిమంది ఉన్నారు. రిమోట్ వదిలేసి నీతో వాదించలేను. ఎక్కు. మీ ఊళ్ళో చెప్పు, బండి ముందు ఎవర్నీ కూర్చోవద్దని. ఓవర్."

ఎక్కాను. అవతలి ఒడ్డు ఎక్కుతుంటే వెనక టార్పాలిన్ ఎత్తి పట్టుకుని చూశాను. వాలు మీద లారీ, పైన మా బండి, మధ్యలో బిగిసిన తాడు. తాడు మీద కోటు. దాని చేతులు రెండూ గాలికి లేచి ఊగుతున్నాయి. పైన స్వెట్టరులో ఆయన, రెండు చేతులతో రిమోట్ పట్టుకుని, దించుతున్న లారీనే చూస్తున్నాడు. నా వైపు చెయ్యి ఊపలేదు. ఊపే వీలు లేదు. దారి మలుపు తిరిగింది.

నందిగామలో బస్సు దిగేసరికి సుజాత షాపు తాళం వేసి రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. నన్ను చూసి నవ్వింది, వెంటనే ఏడ్చింది. నేను ఫోనులో విన్న హారన్లే, ఆ కేకలే. రెండు రోజులు కడుపునిండా విన్నాను. మూడో రోజు నుంచి నాకు ఆ బంకరు నిశ్శబ్దం కావాలనిపించింది. పక్కనే భార్య, ఎదురుగా వేడి అన్నం, నా ప్రాణం మాత్రం కంబళి చుట్టిన బ్యాటరీల దగ్గర. పచ్చడి సీసాలు రెండు కట్టించి పెట్టుకున్నాను, ఆయనకి ఇద్దామని.

దారి తెరిచాక పోస్టుకి వెళ్ళాను. ఉస్తాద్ సర్వీసు అయిపోయి అంతకు ముందే దిగిపోయాడట. మా ఇద్దరి బండ్లూ దారిలో ఎక్కడో ఎదురెదురుగా దాటిపోయి ఉంటాయి. వించ్ మీద కవరు తీశాను. తాడు చుట్టు పక్కన చుట్టు, ఎక్కడా సందు లేకుండా, గ్రీజు పూసి ఉంది. బంకరులో ఉండగా ఆయన ఇచ్చిన ఫోను నంబరుకి చాలాసార్లు చేశాను. అది ఇంకెవరిదో అయిపోయింది. ఊరి పేరు అడగాలని నాకెప్పుడూ తోచలేదు. ఆయనకి నా ఊరి పేరు నోరు తిరగదు, నాకు ఆయన ఊరి పేరే తెలియదు. పచ్చడి లంగర్‌లో, అంటే జవాన్ల వంటశాలలో, ఇచ్చేశాను.

ఇప్పుడు జగ్గయ్యపేటలో హైవే పక్కన నాకు షెడ్డుంది. వించ్‌లు బిగిస్తాను. ముక్త్యాల సిమెంటు లారీల వాళ్ళు వస్తారు, అడవులు తిరిగే జీపుల కుర్రాళ్ళు వస్తారు. మొన్న వీరులపాడు రైతు ఒకాయన ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు తెచ్చి, షాపులో అన్నిటికంటే పెద్ద వించ్ పెట్టమన్నాడు. పెద్దదైతే దాని బరువుకే ముందు చక్రాలు దిగబడతాయండీ అని నచ్చజెప్పి, ఒకటిన్నర రెట్ల లెక్కే చెప్పాను. బిగించాక ఆయన చేలోనే చూద్దామన్నాడు. సుజాత కూడా సరదాగా వచ్చింది. రేగడిలో పత్తి ట్రాక్టరు దిగబడి ఉంది. తాడు బిగుసుకుందో లేదో, ఆయన పాలేళ్ళు ముగ్గురు ఎగిరి ట్రక్కు బంపరు మీద కూర్చున్నారు. నేను రిమోట్ మీది నుంచి వేలు తీశాను. దిగండయ్యా అన్నాను. గొంతు పెంచకూడదనుకున్నాను గానీ పెరిగింది.

తర్వాత తాడు మీద కాన్వాసు సంచి వేశాను. సుజాత కుట్టిచ్చింది. అటూ ఇటూ ఇసుక పోసిన జేబులు. నిజం చెప్పాలంటే కోటు కన్నా అదే మంచిది. జారదు, ఎగరదు. ట్రాక్టరు బయటికి వచ్చేసింది, అందరూ ఈలలు వేశారు. నేను ఆ సంచి వంకే చూస్తూ నిలబడిపోయాను.

"ఏం చూస్తున్నారు? కుట్టు ఊడిందా?" అంది సుజాత.

లేదన్నాను. కుట్టు బాగానే ఉంది. దానికి చేతుల్లేవు.