బాల్కనీలో డ్యూటీ

ఫ్రిజ్‌ల కంపెనీకి వచ్చే ఫిర్యాదులకు ఫోన్లో సమాధానం చెప్పే ఉద్యోగం అతనిది. అద్దె దండగని కంపెనీవాళ్ళు ఆఫీసు మూసేసి అందరినీ ఇంటినుంచే పని చేసుకోమన్నప్పుడు, అతని కంటే అతని భార్యే ఎక్కువ సంబరపడింది. ఆమెది కళ్ళద్దాల దుకాణంలో పని.

"ఇక పిల్లల్ని డేకేర్‌లో వదలక్కర్లేదు. మీరు ఇంట్లోనే ఉంటారుగా" అంది.

ఆ మాటే తర్వాత అతని నెత్తికెక్కి కూర్చుంది. తమ పార్సెల్ తీసి ఉంచమనే ఎదురింటివాళ్ళూ అదే అనేవారు. పిల్లలు చిక్కిపోయారని ఫోన్లో సాధించే అత్తగారూ అదే అనేది.

పిల్లలు ఇద్దరు. నాలుగేళ్ళ కూతురు ఇంటిల్లిపాది మీదా పెత్తనం చేస్తుంది గనక 'పెద్దమ్మగారు' అని పేరు పడింది. ఏడాదిన్నర బుడ్డోడికి నడక వచ్చింది, పరుగు వచ్చింది, ఆగడం మాత్రం ఇంకా రాలేదు. వీళ్ళిద్దరి మధ్యా హెడ్‌సెట్ తగిలించుకుని, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంటూ పొద్దస్తమానం ముక్కూమొహం తెలియనివాళ్ళకు క్షమాపణలు చెప్పుకోవాలి. కాల్‌లో పిల్లల గొంతు వినబడితే సూపర్‌వైజర్ మార్కులు కోసేస్తాడు. చేతికి బొమ్మలిచ్చి, నోటికి బిస్కెట్లిచ్చి, కళ్ళముందు టీవీ పెట్టినా పావుగంట గడవడం గగనమయ్యేది.

ఒకరోజు బుడ్డోడికి పళ్ళు వస్తూ ఒకటే ఏడుపు. ఎలాగో జోకొట్టి పడుకోబెట్టాడో లేదో కాల్ వచ్చింది. వాడు లేస్తాడన్న భయంతో లాప్‌టాప్ పట్టుకుని బాల్కనీలోకి పరుగెత్తాడు. "తలుపు వేసెయ్ తల్లీ" అని కూతురికి సైగ చేశాడు. ఆ పిల్ల బుద్ధిగా అద్దాల తలుపు మూసి, లోపలినుంచి గడియ కూడా పెట్టేసింది.

అవతల ఒక పెద్దాయన నిప్పులు తొక్కుతున్నాడు. "మూడోసారి చేస్తున్నానయ్యా! వంటిల్లంతా చెరువైపోయింది!"

"చింతిస్తున్నాం సార్" అంటూ ఇతను అద్దంలోంచి లోపలికి చూశాడు. బుడ్డోడు లేచి, కుర్చీ మీదికెక్కి, అక్కడినుంచి బల్ల మీదికి పాకబోతున్నాడు.

అద్దం మీద దబదబా కొట్టాడు. "తియ్యమ్మా!"

"ఏం తియ్యాలి? ప్లగ్గా?" అన్నాడు పెద్దాయన.

"గడియ తియ్యమ్మా!"

"ఫ్రిజ్‌కి గడియేంటయ్యా? నన్ను అమ్మా అంటావేంటి?"

లోపల పెద్దమ్మగారు నడుం మీద చెయ్యేసుకుంది. "నువ్వేగా వెయ్యమన్నావు నాన్నా! పని అయిపోయిందా?"

అతని ఓర్పు అక్కడితో తెగింది. హెడ్‌సెట్ లాగి పారేసి, "తియ్యవే!" అని గావుకేక పెట్టాడు. పిల్ల బిక్కచచ్చిపోయింది. తేరుకుని గడియ లాగేసరికే కుర్చీ వెనక్కి ఒరిగింది, బుడ్డోడు కింద పడ్డాడు.

నుదురు బొప్పి కట్టింది, అంతే. ప్రమాదమేమీ లేదు. వాణ్ణి చంకనేసుకుని హెడ్‌సెట్ తీసి చూస్తే పెద్దాయన ఎప్పుడో పెట్టేశాడు. తెర మీద సూపర్‌వైజర్ మెసేజ్ మాత్రం ఉంది: 'కాల్ మధ్యలో వదిలేశారు. రేపు మాట్లాడదాం.'

సాయంత్రం భార్య వస్తూనే బొప్పి చూసింది. "ఏమండీ, ఇంట్లోనే ఉండి కూడా..."

"నేను ఇంట్లో లేను!" అని అరిచాడు. "ఆఫీసులో ఉన్నాను! ఆ ఆఫీసులో ఇద్దరు పిల్లలున్నారు, అంతే!"

"నేను మాత్రం షికారుకెళ్ళానా? నిలబడి నిలబడి కాళ్ళు పీకేస్తున్నాయి" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పెద్దమ్మగారు ఆ పూట తండ్రి దగ్గరికి రాలేదు. చెప్పిన మాట విన్నందుకే పిల్లను తిట్టానన్న సంగతి అతనికి అన్నం దగ్గర కూర్చున్నప్పుడు తట్టింది.

మర్నాడు సూపర్‌వైజర్ నాలుగు చివాట్లు పెట్టాక, తన డ్యూటీ రెండు ముక్కలు చెయ్యమని ఇతను అడిగాడు. భార్య బయల్దేరేలోపు కొంత, తిరిగొచ్చాక కొంత.

"పిల్లలు మీకొక్కరికే ఉన్నారా?" అన్నాడు సూపర్‌వైజర్.

"ఉన్నవాళ్ళందరి తరఫునా అడుగుతున్నాననుకోండి" అన్నాడు ఇతను. ఆయన కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.

ఇప్పుడు కాల్స్‌లో పిల్లల గొంతు వినబడదు. భార్యాభర్తలు మాత్రం గుమ్మం దగ్గరే కలుసుకుంటారు. "పాలు తాగాడు", "పెద్దమ్మగారు అలిగింది", అంతే మాటలు. బుడ్డోడు ఒక భుజం మీదనుంచి ఇంకో భుజం మీదికి మారిపోతాడు.

"మనిద్దరం ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలండీ" అంది ఆమె మొన్న, చెప్పులేసుకుంటూ.

"ఎప్పుడు?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

ఆమె ఆలోచిస్తూ నిలబడింది. ఈలోపు బస్సుకి టైమైపోయింది.