తెర మీద ఎత్తిన గ్లాసులు

మొన్న ఆదివారం వంటింట్లో ప్రెస్ సర్దుతుంటే, ఇక్కడి ఐరిష్ వాళ్లు అల్మరాను అలాగే అంటారు, ఇన్నేళ్లకు మా నోటికీ అదే అలవాటైంది, పప్పుల డబ్బాల వెనక నుంచి ఒక దళసరి అట్ట జారిపడింది. చేపకు తెల్ల వైన్, మాంసానికి ఎర్ర వైన్. ఎవరి పేరు మీద గ్లాసులెత్తుతారో ఆ మనిషి తాగకూడదు, తర్వాత లేచి బదులుగా నాలుగు మంచిమాటలు చెప్పాలి అని దాని మీద అచ్చువేసి ఉంది. చూడగానే కరోనానాటి ఒక సాయంత్రం కళ్లముందు నిలిచింది.

అప్పుడు నగర శివార్లలోని శాండీఫోర్డ్‌లో ఉండేవాళ్లం. ఆఫీసు కూతవేటు దూరమే అయినా ఏడాదిగా పడగ్గదిలో కిటికీ పక్క బల్లే నా ఆఫీసు. ఉద్యోగాలు తీసేస్తారన్న గుసగుసలు మొదలైన ఆ రోజుల్లో, పని గురించి తప్ప పలకరించని మా ఐరిష్ మేనేజరు, మా జట్టులో ఎనిమిదిమందికీ భోజనమూ రెండేసి చిన్న వైన్ సీసాలూ, పద్ధతులు అచ్చువేసిన ఈ అట్టా ఇళ్లకు పంపి, కెమెరాల ముందు కూర్చుని పద్ధతిగా విందు చేద్దామన్నాడు. మా ఆవిడ ఆ పెట్టెను శానిటైజరుతో మూడుసార్లు తుడిచి, "బలికి ముందు మేకకు దండ వేసినట్టుందండీ" అంది. యాభై దాటాక ఉద్యోగం పోతే ఎలా ఉంటుందో మన వయసువాళ్లకు వేరే చెప్పాలా, ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది.

వాళ్లు పంపిన గొడ్డుమాంసం మేం తినం గనుక, మా ఆవిడ చేసిన చేపల పులుసు పెట్టుకుని, కంగారులో ఎర్ర వైన్ పోసుకుంటే, నోరంతా ఇనుప గరిట నాకినట్టయింది. మేనేజరు ఒక్కొక్కరి పేరూ చెప్పి గ్లాసెత్తుతూ నా దగ్గరికొచ్చి, "నీతో పనిచేసిన రోజులు మరిచిపోను" అన్నాడు. పనిచేసిన రోజులట! అంటే అయిపోయాయన్నమాట. అందరూ చీర్స్‌కు బదులు ఐరిష్‌లో స్లాంచా అంటుంటే, తాగకూడదన్నది మరిచి నా గ్లాసు నేనే గటగటా ఖాళీ చేశాను. తలుపు చాటునుంచి మా అమ్మాయి, "నాన్నా, సే సంథింగ్. హీ ఈజ్ వెయిటింగ్" అని గుసగుసలాడింది. నేను లేవలేదు. ముక్తసరిగా థాంక్స్ చెప్పి కెమెరా ఆపేశాను.

సోమవారం తెలిసింది, పోయిన ఉద్యోగం ఆయనదే. మా ఎనిమిదిమందికీ ఏమీ కాలేదు. ఆ విందు మాకు చెప్పకుండా ఆయన మా దగ్గర తీసుకున్న సెలవు. క్షమించమని రాసిన మెయిలు, ఆ చిరునామా ఇక లేదని తిరిగి వచ్చింది.

ఇప్పుడు మళ్లీ అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చుంటున్నాం, నవ్వుకుంటున్నాం. కానీ ఎవరైనా ఆప్యాయంగా ఒక మంచిమాట అంటే, దాని వెనక ఏముందోనని ముందు వెతకడం నాకు ఆ రోజుల్లో పట్టుకున్న జబ్బు. ఊరంతా మాస్కులు తీసి ఏళ్లయింది, ఇది మాత్రం నన్ను వదల్లేదు.