గంప ఎత్తిన రోజు

మా ఊరికీ, గొర్లు మేసే గుట్టకూ మధ్య హైవే ఉంది. అది రెండు వరుసల రోడ్డుగా ఉన్నప్పుడు నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. బాపు కట్టె అడ్డంగా పట్టుకొని రోడ్డు నడుమ నిలబడేవాడు. బస్సులు ఆగేవి. మంద ఒక్క ఊపున దాటిపోయేది. అయితే బండ్లు ఎదురెదురుగా గుద్దుకొని మనుషులు పోతుండడంతో, రోడ్డు వెడల్పు చేయమని ఊరంతా అర్జీ పెట్టింది. ఆ కాగితం మీద బాపు కూడా వేలిముద్ర వేశాడు.

రోడ్డు నాలుగు వరుసలైంది. ఎదురెదురు గుద్దుకోవడం నిజంగానే తగ్గింది. కానీ ఇప్పుడు ఏ బండీ ఆగదు. నడుమ మట్టి పోసి పూలచెట్లు పెట్టిన డివైడరు. మంద అక్కడిదాకా ఒకసారి, అక్కణ్ణుంచి ఇంకోసారి దాటాలి. ఊరి చివర రోడ్డు కింద నుంచి బొగద కట్టారు గాని, గొర్లు దాని మూతి దగ్గరికొచ్చి ఆగిపోయేవి. లోపల చీకటి. పైన లారీ పోతే గోడలు అదిరేవి.

"ఏందన్నా, నీ గొర్లు లైట్లు పెట్టిస్తెగాని లోపలికి పోయెటట్టు లేవు!" అని అక్కడ చాయ్ అమ్మే కాక నవ్వాడు.

"నువ్వు ముందట నడువు. మొకం కలిసిందని అవే నీ ఎంబడి వస్తయ్," అన్నాడు బాపు.

రెండు రోజులు చూసి బాపు బొగదను వదిలేశాడు. మళ్ళీ పైనుంచే దాటించసాగాడు.

అప్పటికి నా డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంటున్నాను. గోడకు ఆనుకొని పుస్తకం తెరిస్తే చెవులు మాత్రం రోడ్డు మీదే ఉండేవి. ఎక్కడో బ్రేకు కీచుమంటే చదువుతున్న వాక్యం మాయమయ్యేది. సాయంత్రం మంద దొడ్డిలోకి వచ్చాక డైరీలో "బాపు వచ్చాడు" అని రాసేదాన్ని. కొన్ని రోజుల పేజీల్లో ఆ ఒక్క ముక్కే ఉంది.

మందను దాటించడానికి ఇద్దరు కావాలి. ముందు బాపు, వెనక అమ్మ. ఒకరోజు అమ్మకు జ్వరం వస్తే నేను వెళ్ళాల్సి వచ్చింది. పాలు తాగే గొర్రెపిల్లలను మందతో తోలుకుపోరు. గంప కింద కమ్మి, పైన రాయి పెట్టి దొడ్డిలోనే ఉంచుతారు. ఆ పొద్దున ఒక నల్లచెవుల పిల్ల గంప కింద ఒకటే ఏడుపు. దాని తల్లి తలుపు దాకా పోయి వెనక్కి చూస్తోంది. నాకు మనసాగలేదు. బాపు చూడకుండా రాయి దించి గంప ఎత్తాను. పిల్ల మంద కాళ్ళ నడుమ కలిసిపోయింది.

"నేను చెయ్యి ఎత్తితె తోలు, దించితె ఆపు. గట్టిగ అదిలియ్యాలె. సిగ్గుపడకు బిడ్డా," అన్నాడు బాపు రోడ్డు దగ్గర.

సగం మందతో ఆయన డివైడరు ఎక్కి చెయ్యి దించాడు. నేను చేతులు చాపి మిగతా వాటిని ఆపాను. అప్పుడే నా కాళ్ళ దగ్గర నల్లచెవుల పిల్ల అరిచింది. డివైడరు మీది తల్లి తల తిప్పి, ఒక్క దుముకున రోడ్డు మీదికి దిగింది. దాని వెనకే బాపు దిగాడు.

లారీ వస్తోంది. నా నోరు తెరుచుకుంది. గొంతు రాలేదు.

హారన్ మోత, కాలిన టైర్ల వాసన. లారీ అడ్డంగా తిరిగి ఆగింది. బాపు చెయ్యి చాపితే దాని ముందు భాగానికి తగిలేది. ఆయన తువ్వాల చక్రం కింద ఉంది.

"చావనీకి నా బండే దొరికిందా ముసలోడా!" అని డ్రైవరు అరిచాడు.

"తప్పయింది కొడుకా," అన్నాడు బాపు, గొర్రె కాలు వదలకుండా. తర్వాత నా కాళ్ళ దగ్గరున్న పిల్లను చూశాడు.

రాత్రి అన్నాల దగ్గర అమ్మను అడిగాడు. "గంప మీద రాయి పెట్టలేదా?"

"జరమున్నా లేసి పెట్టిన. నా మీదికే వస్తవేంది?" అంది అమ్మ.

"నేనే ఎత్తిన బాపూ. ఏడుస్తుంటె చూడలేకపోయిన."

బాపు ముద్ద పళ్ళెంలోనే ఆగిపోయింది. "పిల్ల ఎటుంటె తల్లి అటే ఉరుకుతది బిడ్డా. గది తెల్వదా?"

తెలియదు. తెలిశాక ఒక్కటే ఆలోచన. పిల్ల కోసం లారీకి ఎదురొచ్చిన తల్లి, చీకట్లోకి రాదా?

"రేపు బొగదల నుంచి పోదం. పిల్లను నేను ఎత్తుకుంట," అన్నాను.

మర్నాడు పిల్లను ఎదకు హత్తుకొని బొగదలోకి నడిచాను. పైన లారీ పోయింది. అదిరింది గోడో, పిల్ల గుండో, నా గుండో తెలియలేదు. వెనక తల్లి అరుస్తూ వస్తోంది. దాని వెనక ఇంకొకటి. అవతలి ఎండలో పడి తిరిగి చూస్తే మందంతా వస్తోంది, చివర బాపు.

ఇప్పుడు వాటికి దారి అలవాటైంది. కానీ వాన పడితే బొగదలో నడుములోతు నీళ్ళు నిలుస్తాయి. అలాంటి పొద్దున నేను ముందే లేచి దొడ్డి తలుపుకు అడ్డంగా నిలబడతాను.

"ఇయ్యాల మంద ఇడువొద్దు బాపూ. మేతకు తుమ్మకొమ్మలు కొట్టుకొద్దం," అంటాను. గొంతు వణుకుతుంది గాని, వస్తుంది.

బాపు ఒకసారి రోడ్డు వైపు చూస్తాడు. ఆయన గొడ్డలి చేతికి తీసుకునేదాకా నేను తలుపు దగ్గర నుంచి కదలను.