తువ్వాలు కింద బేరం

మా ఊర్లో ఎద్దులకూ ఆవులకూ బేరాలు జరగడం మామూలే గానీ, మనిషికి బేరం జరగడం ఆ ఒక్కసారే. చేసింది వేరెవరో కాదు, మా మామ. ఆయన నాకు మేనమామ, నా మొగుడికి తండ్రి. అందుకని ఆయన్ను తిట్టే హక్కు నాకు రెండు వైపులా ఉంది. అయినా ఆయన బతికున్నన్నాళ్లూ ఒక్క మాట అనలేదు.

నేను ఆర్.కె.పేట పక్క పల్లె నుంచి కే.జీ.కండిగై దాపున ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చేసరికి డెబ్బైలు అయిపోవస్తున్నాయి. ఊరంతా తెలుగు మాట్లాడే సేద్యగాళ్లు. బస్సు మీద బోర్డూ, పిల్లల పలక మీద రాతా అరవం. ఊరికి రెండే పిచ్చులు, ఒకటి వేరుశనగ, రెండోది చెడుగుడు. మొదటిది మాకు కూడు పెట్టేది, రెండోది మా పనులన్నీ తినేసేది.

జట్టును నడిపేది మామ. జట్టుకు ప్రాణం మాత్రం ఒక్కడే, అతణ్ని ఊరంతా కూతగాడనే పిలిచేది. పొడుగ్గా, వేరుశనగ కట్టెలా ఎండి ఉండేవాడు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. నా మొగుడి కంటే చిన్నవాడు కాబట్టి నన్ను వదినా అనేవాడు. కూతకు పోయాడంటే అవతలి జట్టులో ఇద్దరినో ముగ్గురినో తాకి, ఊపిరి తెగకుండా గీత దాటి వచ్చేవాడు. వచ్చాక కూడా ఇంకో నాలుగు మాటలు కూత సాగించి అప్పుడు ఆపేవాడు, ఊపిరి మిగిలిందని అందరికీ తెలియాలని. అంత పొగరు నాకు నచ్చేది.

కూత అంటే మా పక్క ఉత్త చెడుగుడు చెడుగుడు అనడం కాదు. ఒక్కో ఊరికీ ఒక్కో కూత. కళ్లు మూసుకుని విన్నా ఏ ఊరివాడు ఆడుతున్నాడో చెప్పొచ్చు. మా ఊరిది "గట్టు దాటి వస్తిరా, గీత దాటి పోతరా, పోతరా, పోతరా" అని సాగుతుంది. అతని నోట్లో ఆ "పోతరా" వింటే బరి చుట్టూ ఉన్న ముసలివాళ్ల పెదవులు కూడా కదిలేవి. తిరుత్తణిలో పోటీ జరిగితే ఎడ్లబండ్లు కట్టుకుని పోయేవాళ్లు, ఇంట్లో జ్వరంతో పడున్న మనిషిని పక్కింటి వాళ్లకు అప్పగించి మరీ.

ఇంకో పద్ధతి వంతు. మడికి నీళ్లు వంతులు పెట్టుకున్నట్టే, పోటీల కాలంలో కూతగాడికి కూడు వంతులు వేసుకునేవాళ్లం. ఈ దినం ఈ ఇల్లు, రేపు ఆ ఇల్లు. రాగిసంగటి, ఉలవచారు, రెండు కోడిగుడ్లు. సొంత బిడ్డలకు గుడ్డు పెట్టని ఇల్లు కూడా వంతు రోజున అతనికి పెట్టేది. కొత్త కోడలిగా మొదటిసారి మా వంతుకు నేనే వడ్డించాను. సంగటి గట్టిపడి రాయిలా అయింది. అతను ఉలవచారు ఎక్కువ పోయించుకుని, మెతుకు మిగల్చకుండా తిని, "బాగుండాది వదినా, పల్లు గట్టిపడతాయి" అన్నాడు. ఆ రోజు నుంచి నేనూ అతని పక్షమే.

ఒక ఏడు తిరుత్తణిలో చివరి ఆట ఓడిపోయాం. కూతగాడు తెచ్చిన పాయింట్లన్నీ వెనకున్నవాళ్లు పోగొట్టారు. వచ్చినవాణ్ని పట్టేవాడు ఒక్కడు లేడు. మామ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నాలుగు దినాలు ఇంటి ముందరి తిన్నె మీద కూర్చుని అదే మాట, "ఒంటెద్దుతో మడక సాగదు." ఆయన జీవితంలో గెలవనిది ఆ తిరుత్తణి పోటీ ఒక్కటే. తాను పోయేలోపు ఒక్కసారి గెలవాలని ఆయన ఆశ.

ఆ తర్వాత ఆర్.కె.పేట సంతకు ఎద్దులు తోలుకుని పోయాడు. తాళ్లు పట్టుకుని వెంట పోయింది నా మొగుడు, ఇదంతా అతను చెప్పిందే. తిరువళ్లూరులో ఒక బియ్యం మిల్లు ఓనరు ఎద్దులు కొనడానికి అక్కడికి వచ్చాడు. ఆయనకూ ఒక జట్టు ఉంది, పట్టేవాళ్లు నిండుగా ఉన్నారు, కూతకు పోయేవాడే లేడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. మాట కుదిరే వేళకు మామ భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. సంతలో బేరం అట్లాగే జరుగుతుంది, తువ్వాలు కింద వేళ్లు నొక్కి చెప్పుకుంటారు, చూసేవాళ్లకు ధర తెలియకూడదని. ఒక కూతగాడికి ఇద్దరు పట్టేవాళ్లు. ఒకటిచ్చి రెండు తెచ్చుకోవడం మామకు లాభంగానే తోచింది. పైగా కూతగాడికి మిల్లులో పని కూడా ఇస్తారట. వాడి బతుకూ బాగుపడుతుందని నిజంగానే అనుకున్నాడు.

ఆ దినం వంతు మాదే. అతను తింటుండగా మామ తిన్నె మీద నుంచి చెప్పాడు.

"తిరువళ్లూరు మిల్లు జట్టుకు నిన్ను ఇచ్చేసినాను. ఎల్లుండి రైలుకు పో. పనిస్తారు."

అతను ముద్ద చేతిలోనే పట్టుకుని తలెత్తాడు.

"నన్నొక మాట అడిగింటే నేనే పోతానని చెప్పుందును గదా పెదనాయనా" అన్నాడు.

"అడిగేదేముంది, నీ మంచికే గదా."

అతను తల దించుకుని తినసాగాడు. గిన్నె ఖాళీ చేసి, చేయి కడుక్కుని, నాతో "పోయొస్తా వదినా" అన్నాడు. వంతు కూడు పారేయకూడదని అతని లెక్క. నాకు ఏడుపొచ్చింది. మామ మీద కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది. ఎద్దును అమ్మేటప్పుడు కూడా దాని నుదుటి మీద చెయ్యి పెట్టి ఒక మాట చెప్పే మనిషి, అతనికి ఆ మాట కూడా చెప్పలేదు.

ఊరికి తెలిసింది. మార్చుకోవడాన్నయినా క్షమించేవాళ్లేమో, ఆ తువ్వాలు దగ్గర అంతా చెడింది. తువ్వాలు వేశారంటే ధర ఉన్నట్టే గదా. ఎన్ని వేళ్లు నొక్కాడు, ఎంత ముట్టింది అని పొయ్యి దగ్గరా బావి దగ్గరా ఇదే గుసగుస. "తలకు తల, అంతే" అని మామ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. నేనే ఒకసారి అడిగాను, మరి తువ్వాలు ఎందుకు వేశావు మామా అని. ఆయన నా మొహం వింతగా చూశాడు.

"సంతలో బేరం తువ్వాలు లేకండా ఎట్లా చేస్తారమ్మా?"

అలవాటుగా చేతులు కప్పాడు, అంతే. నేను నమ్మాను. నమ్మింది ఊరు మొత్తం మీద నేనూ నా మొగుడూ.

ఆ ఇద్దరు పట్టేవాళ్లు దిగారు. ఆరణి కుర్రాళ్లు, తెలుగు ఒక్క ముక్క రాదు. ఒకడు గుండ్రాయిలా ఉండేవాడు, ఇంకొకడికి మోచేతి దాకా పాత గాయాల మచ్చలు. మొదటి దినం వంతు ఇంటికి పోతే, "మాకీ దినం తీరదు" అని తలుపు వేశారు. రెండో ఇంట్లో కూతురికి ఒంట్లో బాగాలేదన్నారు. మూడో ఇంటికి నేను పోనీలేదు. వంతు అట్లా తెగిపోయింది. ఆ నాటి నుంచి ఇద్దరికీ రెండు పూటలా నేనే వండాను. ఇది దయ అనుకుంటే పొరపాటు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఊరందరి కోపానికీ నా పొయ్యి ఒక్కటే ఎందుకు కాలాలి? కానీ వాళ్లు తిన్నాక గిన్నెలు తోమి బోర్లించి పోయేవాళ్లు, పెరట్లో కట్టెలు చీల్చి పెట్టేవాళ్లు. "అక్కా, అక్కా" అంటూ మా కూత నేర్పమన్నారు. గుండ్రాయి "గట్టు" అనలేక "కట్టు" అనేవాడు. నవ్వి నవ్వి నా కోపం కొంత కరిగింది.

జట్టు నిజంగానే బాగుపడింది. చూసేవాళ్లు లేరు, అంతే. గీతకు సున్నం పోసే ముసలాయన సున్నం లేదన్నాడు. నీళ్ల బిందె మోసేవాళ్లు మానేశారు. ఆదివారం వస్తే మాత్రం మా ఊరివాళ్లు తిరుత్తణికి నడిచిపోయి, తిరువళ్లూరు రైలెక్కి, మిల్లు జట్టు ఆట చూసొచ్చేవాళ్లు. "మనోడు ఐదుగుర్ని తాకినాడు" అని వీధిలో గట్టిగా చెప్పుకునేవాళ్లు, మామ తిన్నె ముందర ఇంకొంచెం గట్టిగా. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను లోపల్నుంచి అనేదాన్ని. కూతగాడు పోయినందుకు ఏడ్చాడో లేదో తెలియదు గానీ వీళ్లు మాత్రం మానలేదు.

ఎండాకాలం, వేరుశనగ పీకేశాక, మా ఊరి సొంత పోటీ. మిల్లు జట్టు లారీలో దిగింది, అందరికీ ఒకే రంగు బనియన్లు. మా ఊరు ఊరంతా వాళ్ల పక్కకు పోయి కూర్చుంది. మా జట్టు వెనక మామ, నా మొగుడు, ఇంకో ముగ్గురో నలుగురో. ఆడవాళ్లం బడి గోడ పక్కన నిలబడ్డాం.

కూతగాడు బరిలోకి వచ్చాడు. కొంచెం ఒళ్లు చేశాడు. నేల తాకి కళ్లకద్దుకున్నాడు. జనం ముందుకు వంగారు, పెదవులు అప్పుడే కదులుతున్నాయి. అతను గీత దాటి కూత ఎత్తుకున్నాడు.

"సడుగుడు, సడుగుడు, సడుగుడు..."

మిల్లు జట్టు కూత. అది తప్ప ఇంకేం పాడతాడు? ఎవరి కూడు తింటున్నాడో వాళ్ల కూతే పాడాలి గదా, ఆటలో మర్యాద అది. నాకు ఆ క్షణమే అర్థమైంది. ఊరికి కాలేదు. మొదటి గుడ్డు పెట్టి అతణ్ని పెంచినట్టుగా చెప్పుకునే ఒక అవ్వ నా పక్కనే ఉంది. "వాడు మన బిడ్డ గాదు, పో" అని చెంగు దులుపుకుని వెళ్లిపోయింది. అటువైపు మగవాళ్లు కూడా ఒక్కొక్కరే లేచారు. తిట్టలేదు, అరవలేదు. ఊరికే లేచి పోయారు. అతను ముగ్గురిని తాకి గీత దాటి వచ్చి, అలవాటు ప్రకారం కూత ఇంకా సాగిస్తూ చుట్టూ చూశాడు. చూసేసరికి సగం నేల ఖాళీ. అతని కూత అక్కడే ఆగిపోయింది.

తర్వాత ఆట గట్టిగానే సాగింది. చివరికి ఇరువైపులా సమానమయ్యాక మా గుండ్రాయి కూతకు పోయాడు. పట్టేవాడు కూతకు పోవడమే వింత, మావాళ్లలో ఇంకెవరూ మిగల్లేదు మరి. "కట్టు దాటి వస్తిరా, గీత దాటి పోతరా" అంటున్నాడు, అరవపు నాలుకతో, మా ఊరి కూత. ఒకణ్ని తాకి తిరిగాడు. కూతగాడు వెనక నుంచి అతని నడుం పట్టేశాడు. మిల్లులో మూటలు మోసిన చేతులవి, ఆ దినం ఆ పట్టు విడిపించుకున్నవాడు లేడు. గుండ్రాయి నేల మీద పడి, గీతకు జానెడు దూరంలో, "పోతరా, పోతరా" అని ఊపిరి పిండుతున్నాడు.

కూతగాడి చేతులు వదిలాయి.

చెమటకు జారాయని నా మొగుడు ఈ నాటికీ అంటాడు. నేను బడి గోడ దగ్గర నుంచి చూశాను. జారిన చేయి మూసుకునే ఉంటుంది. అతనివి తెరుచుకున్నాయి.

మేం గెలిచాం. మామ లేచి నిలబడ్డాడు. ఎవరి వైపు తిరిగి సంతోషపడాలో తెలియక అట్లాగే నిలబడ్డాడు. ఇంట గెలిచి రచ్చ గెలువు అంటారు, ఆ ఏడు మామ రచ్చ కూడా గెలిచాడు, తిరుత్తణిలో. అక్కడికీ మా ఊరి నుంచి ఒక్క బండి కట్టలేదు. మరుసటేడు జట్టే లేదు. ఆరణి కుర్రాళ్లు కళ్లనీళ్లతో నాకు దండం పెట్టి వెళ్లిపోయారు. నాకు ఈ కథలో కచ్చితంగా మిగిలిన ప్రేమ వాళ్లిద్దరిదే.

కానీ ఆ ఆట రోజు సాయంత్రం గురించి చెప్పాలి. దీపాలు పెట్టే వేళకు పెరటి వైపు నుంచి ఎవరో వచ్చారు. కూతగాడు. మిల్లు బనియన్ లేదు, చొక్కా ఒక్కటే.

"లారీ ఎక్కనీలేదు వదినా. కావాలని విడిచిపెట్టినానంట."

రెంటికీ చెడ్డ రేవడి అన్నట్టు నిలబడ్డాడు. తర్వాత, ఏమీ తెలియనివాడిలా అడిగాడు.

"ఈ దినం వంతు ఎవురింట్లో?"

వంతు అతనితోనే తెగిపోయిందని ఎట్లా చెప్పను? "మా ఇంట్లోనే నాయనా" అన్నాను. ఆరణి కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు, గుండ్రాయి జరిగి చోటిచ్చాడు. ముగ్గురికీ సంగటి పెట్టాను. గుడ్లు రెండే ఉన్నాయి, ఆరణివాళ్లు ఇద్దరూ తమవి తీసి అతని గిన్నెలో వేశారు.

మామ తిన్నె మీద నుంచి లేచి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు తీసి చేతిలో నలుపుతూ అడిగాడు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"నాయనా, ఉంటావా, పోతావా?"

కూతగాడు ముద్ద మింగి తలెత్తాడు. అతని కళ్లల్లో కోపం లేదు, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

"ఇప్పుడడిగితివి గదా పెదనాయనా" అన్నాడు. "పోతాను."

గిన్నెలో మెతుకు మిగల్చకుండా తిన్నాడు. చేయి కడుక్కున్నాడు. "పోయొస్తా వదినా" అన్నాడు. మళ్లీ రాలేదు.