ఈశాన్యం మూల మెట్లు

మొన్న పొద్దున కింద పార్కింగులో చార్జింగు పెట్టిన స్కూటరు అంటుకుని, ఆ పొగంతా మా అపార్ట్‌మెంటుకున్న ఒక్క మెట్లదారి పట్టి పైకి ఎగబాకినప్పుడు, పై అంతస్తులో మంచం పట్టిన మా అక్కని ఎటునుంచి దింపాలో తోచక గుమ్మంలో కొయ్యబారిపోయాను. వాచ్‌మన్ బండిని బయటికి ఈడ్చి ఇసుక పోశాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

మేడ్చల్లో ఈ బిల్డింగు కట్టింది మా మేనమామే. అల్వాల్లో చిన్న చిన్న ఇళ్ళు కడుతూ పైకొచ్చిన మనిషి, నేను ఆయన దగ్గర సైటు చూసుకునేవాణ్ణి. కుర్రతనంలో మా ఊరి టూరింగు టాకీసు కాలినప్పుడు ఒక్క గుమ్మం దగ్గర తొక్కిసలాటలో చావు తప్పించుకున్నాడు కనుక, ఈ ఎత్తుకి రూలు అడక్కపోయినా పట్టుబట్టి ప్లానులో రెండో మెట్లదారి గీయించాడు. అది ఈశాన్యం మూలకి వచ్చింది.

కొనుక్కున్నవాళ్ళంతా మాలాగే కోస్తా వైపునుంచి వచ్చిన ఉద్యోగస్తులే, బ్యాంకు లోన్ల మీద నెట్టుకొస్తున్నవాళ్ళే. సైటులో షామియానా వేసి, మిరపకాయ బజ్జీలు తింటూ మీటింగు పెట్టుకున్నాం. రెండో మెట్లకి రేటు పెరుగుతుందని అందరికీ తెలుసు, ఆ మాట ఒక్కరి నోటా రాలేదు. మనవాళ్ళకి ఖర్చు తగ్గించమనడం నామోషీ, వాస్తు మార్చమనడం మర్యాద. ఈశాన్యంలో బరువు పెడితే ఇంటికి అరిష్టమని ఎవరో అనగానే అందరి మొహాలూ విచ్చుకున్నాయి. పోనీ వేరే మూలకి జరుపుదామంటే ఒక్కో ఫ్లాటులో ఒక గది సగమైపోతుందన్నారు. పక్కన నిలబడ్డ మేస్త్రీ విసిగిపోయి, "మాకేంది సారూ, కట్టుమంటే కడ్తం, వద్దంటే ఆపుతం, జల్దీ చెప్పుండ్రి" అన్నాడు. "నిప్పుకి దిక్కులేం తెలుస్తాయిరా" అని నా చెవిలో గొణిగి, మామయ్య లేచి వెళ్ళిపోయాడు.

అరిష్టమన్న ఆ మాట అన్నది మా అక్కే. అప్పుడు ఆవిడ రెండేసి మెట్లు ఎక్కే మనిషి. మెట్లు రావలసిన మూలలో తులసికోట కట్టించి, ఏళ్ళ తరబడి తానే దీపం పెట్టింది.

నిన్న మళ్ళీ మీటింగయింది. ఆ మూలలో ఇనప మెట్లు వేయిద్దామన్నాను. ఇప్పటి పిల్లలు వాస్తు ఊసెత్తలేదు. అంత బడ్జెట్ లేదు అంకుల్, అని నవ్వుతూ చెప్పి లేచారు. మొహమాటం ఒక్కటే పోయింది, మెట్లు మాత్రం అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. మామయ్య ఇప్పుడు బతికి లేకపోవడమే నయమనిపించింది, ఉంటే రెండోసారి కూడా లేచి వెళ్ళిపోవలసి వచ్చేది.

పైకొచ్చేసరికి అక్క మేలుకునే ఉంది. "ఆ తులసికోట పక్కకి జరిపించరా" అంది. సరేనన్నాను. జరిపినా అక్కడ మెట్లు రావని చెప్పడానికి నాకు నోరు రాలేదు.