ముత్తక్క కట్టిన నిమ్మకాయ

మా వీధి చెత్తబుట్టలు చూస్తే చాలు, ముత్తక్కకు ఇళ్ల గుట్టంతా తెలిసిపోతుంది. ఎవరింట్లో చేపల పులుసు వండారో, ఎవరి కోడలికి పుల్లమామిడి మీదకు మనసు పోతోందో పొద్దున్నే ఏడింటికల్లా చెప్పేస్తుంది. చెప్పొద్దంటే ఇంకాస్త గట్టిగా చెబుతుంది. ములకలపల్లి అవతల అడవి పల్లె ఆమెది. మొదట్లో అడ్డాకుల విస్తర్లు కుట్టి అమ్ముకుంది. ఆ తర్వాత భద్రాచలం పంచాయతీలో రోజుకూలీకి చీపురు పట్టింది. ఇంట్లో సంపాదించే చెయ్యి ఆమెదొక్కటే.

రెండువేల ఆరులో పంచాయతీ ఒక తీర్మానం చేసింది. దుకాణాల్లో పల్చటి ప్లాస్టిక్ కవర్లు ఇవ్వకూడదు. తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు. దవాఖానాల సూదులు, దూదులు పసుపు సంచిలో కట్టాలి. దాన్ని చేత్తో మోయకూడదు, ట్రాక్టరులోనే తీసుకెళ్లి తాళమేసిన గదిలో పెట్టాలి. బాగానే ఉంది. అయితే మా వీధి చివరి దవాఖానా ముందు పెట్టిన సంచిని మూడో రోజుకే ఎవరో చింపారు. పిల్లలు సిరంజిలతో నీళ్లు చిమ్ముకుంటుంటే పంచాయతీ ఈవో కంట పడ్డారు.

ఆయన ముత్తక్కను పిలిపించాడు. “సోమవారం మళ్లీ వస్తానమ్మా. సంచి చిరగకుండా గదికి చేరాలి. లేకపోతే కూలీల పుస్తకంలోంచి నీ పేరు తీసేస్తా.”

ముత్తక్క రెండు రోజులు సంచి పక్కనే కాపలా కూచుంది. వీధి ఊడవకపోతే మేం ఊరుకుంటామా? మూడో రోజు ఆమెకొక ఆలోచన వచ్చింది. సంచి మూతికి వేపమండ కట్టి, కుంకుమ పెట్టిన నిమ్మకాయ వేలాడదీసి, చుట్టూ పసుపు నీళ్లు చల్లింది. ఇంకేముంది! చెత్త ఏరుకునేవాళ్లు అటు చూడడం మానేశారు. పిల్లల్ని తల్లులు రెక్క పట్టుకుని అవతలి పక్కనుంచి నడిపించారు.

“చూసిన్రా! పంచాయతోళ్ల బోర్డు చెయ్యని పని నా నిమ్మకాయ చేసింది,” అని వీధంతా టాంటాం వేసింది. ఆ మాట ఒక్క ట్రాక్టరు డ్రైవరు పగిడయ్య చెవిన మాత్రం పడలేదు.

సోమవారం పొద్దున పగిడయ్య వచ్చాడు. సంచిని చూసి బండిలోంచి దిగనే లేదు.

“దీన్ని నా బండెక్కనియ్య,” అన్నాడు.

“నేనే కట్టిన తమ్మీ. ఉత్తదే. పిల్లగాళ్లు ముట్టొద్దని.”

“నువ్వు ఉత్తగ కడితె అది ఉత్తగ ఉంటదా అక్కా? ఒక్కసారి పసుపు నీళ్లు పడ్డంక ఎవలు కట్టిండ్రని చూస్తదా? నా ఇంట్ల బాలింత ఉంది.”

“ఓరి నీ భయం పాడుగాను! ఈవో సారు వస్తున్నడురా. నా కూడు పోతది!”

అంతలోనే జీపు వచ్చి ఆగింది. ఈవో దిగి, సంచి దాకా వచ్చి, నిమ్మకాయను చూసి టక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. మేమంతా చూశాం. నవ్వు ఆపుకోవడం మా తరం కాలేదు.

“ఏంటమ్మా ఇది?”

“సంచి చిరగలే సారూ,” అంది ముత్తక్క. “కానీ గదికి పోతలేదు.”

ఇక ఆగలేదు. నిమ్మకాయ తెంపి కొంగున కట్టుకుంది. వేపమండ లాగి కొప్పులో దోపుకుంది. పగిడయ్య ముందుకెళ్లి నిలబడింది.

“ఇగో, ఏమన్న అయితే ఇప్పుడు నాకే అయితది. నీ బాలింత సల్లగుంటది. ఎత్తుతవా, లేదా?”

పగిడయ్య ఆమె కొప్పు వైపు, సంచి వైపు చూశాడు. రెండు చేతులకూ తొడుగులు వేసుకున్నాడు. సంచిని ఎత్తి బండిలో పెట్టాడు. ఈవో దాని వెనకే గది దాకా వెళ్లి, తాళం వేయించి, పుస్తకంలో ముత్తక్క పేరు అలాగే ఉంచాడు.

ఆ రోజు నుంచి ముత్తక్కకూ పగిడయ్యకూ ఒక ఒప్పందం. సంచికి వేపమండ ఒక్కటే కడుతుంది. పిల్లలకు అది చాలు. నిమ్మకాయ మాత్రం కట్టదు, పగిడయ్య ఆగిపోతాడని.