కంచె తీగ మీద ఇంటర్నెట్

మా గొర్రెల ఫారం యజమాని క్లెమ్‌కు గేట్ల పిచ్చి. తీసినవాడు వేసి తీరాలి. వేయకుండా పోయిన గొర్రెల బేరగాణ్ణొకణ్ణి నాలుగు మైళ్లు వెంటాడి, వెనక్కి తీసుకొచ్చి మరీ వేయించాడు. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో వంట చేస్తున్నాను, నేనూ తిట్లు తిన్నదాన్నే.

ఆ మంగళవారం ఆయన భార్య ఎనిడ్‌కు అడిలైడ్‌లో గుండె ఆపరేషన్. ముందురోజు దుమ్ముగాలికి మా కప్పు మీది డిష్ ఎగిరిపోయింది. ఇంటర్నెట్ లేదు, ఫోన్ లేదు. బండి గేర్లు పోయి వారమైంది. పొద్దున్నుంచి క్లెమ్ వసారాలో తిరుగుతూనే ఉన్నాడు. టీ ఇస్తే చల్లార్చేసి మళ్లీ అడిగాడు. చూడలేక నాకే తల తిరిగింది.

చివరికి కొట్టంలోంచి తాతలనాటి చెయ్యి తిప్పే ఫోన్ పెట్టె మోసుకొచ్చి కంచె తీగకు తగిలించాడు. అదే తీగ అవతలి కొసన, పన్నెండు మైళ్ల దూరంలో, పక్క ఫారం థెల్మా వంటింటి గోడకు అలాంటిదే ఉంది. క్రిస్మస్‌కు సరదాగా మోగించుకుంటాం.

“థెల్మాకి ఇంటర్నెట్ ఉందిగా. చదివి చెబుతుంది.”

“బొమ్మలు కావాలంటే ఇంకా గట్టిగా తిప్పాలా?” అన్నాను.

“బొమ్మలు నోటితో చెబుతుంది. నీ పిల్లి వీడియోలకి మ్యావ్ కూడా అంటుందిలే.”

నవ్వాడు. తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు.

మా లైను ఇనుప గేట్ల మీదుగా పోతుంది. గేటు తెరిచి ఉంటే మాట అక్కడే ఆగిపోతుంది.

“ఏ దరిద్రుడు తెరిచి పోయాడో, వాడి కాళ్లు విరగ్గొడతాను.”

“తెల్లవారుజామున గొర్రెల్ని తోలిందెవరు?” అన్నాను.

క్లెమ్ ముఖం పాలిపోయింది. టోపీ కూడా పెట్టుకోకుండా పరుగెత్తాడు. డెబ్బై ఏళ్ల మనిషి, మైలు దూరం.

అరగంటకు పెట్టె గణగణ మోగింది. నేను తీయలేదు. ఏం వినాల్సి వస్తుందోనని భయం వేసింది. థెల్మా ఆపకుండా మోగిస్తూనే ఉంది. క్లెమ్ రొప్పుతూ వచ్చి అందుకున్నాడు.

థెల్మా గొంతు నాకూ వినిపించింది. “ఎక్కడ చచ్చావయ్యా? గంటనుంచి తిప్పుతున్నా. ఎనిడ్ కళ్లు తెరిచింది. మీ ఫోన్ పలకక నర్సు చేత నాకు మెయిల్ రాయించింది, చదువుతున్నా విను. ‘బాగానే ఉన్నాను. క్లెమ్ కంగారులో గేటు వేసి ఉండడు. ఎవరైనా చూడండి.’ అంతే.”

క్లెమ్ పెట్టెకు తల ఆనించి ఏడ్చేశాడు.

“వేశానని రాయి థెల్మా,” అన్నాడు కాసేపటికి. “ఇప్పుడే వేశానని మాత్రం రాయకు.”